బొట్టు పెట్టిన బారెల్

ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను మనిషి మీద ఒక్క తూటా పేల్చలేదు. పేల్చేవాళ్ల తుపాకులు బాగుచేసి ఇవ్వడమే నా పని. పోలీసుశాఖలో దీన్ని ఆర్మరర్ ఉద్యోగం అంటారు. బయటివాళ్లకి ఆ పేరే తెలియదు. మా వీధిలో చాలామంది నన్ను ఇన్నాళ్లూ జీపు డ్రైవరనుకున్నారు. నేనూ కాదనలేదు.

ఈ మధ్య ఆర్మరర్ కోర్సుకి ఎంపికైన కానిస్టేబుళ్లు కొందరు అనకాపల్లిలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. మాడుగుల హల్వా పొట్లం చేతిలో పెట్టి, నా అనుభవాలు రాసిమ్మన్నారు. ఆ పొట్లం చూడగానే నాకు సూరిబాబు గుర్తొచ్చాడు. సెలవు నుంచి వచ్చేటప్పుడల్లా అతను అదే హల్వా తెచ్చి బ్యారక్ అంతా పంచేవాడు. అతను పోయాక నేను హల్వా ముట్టలేదు. వచ్చినవాళ్లకి ఆ సంగతి చెప్పకుండా, రాస్తానని మాటిచ్చి పంపేశాను.

ముందే చెబుతున్నాను, ఇందులో మీకు ధైర్యం చెప్పే మాటలు ఉండవు. ప్రమోషన్లు, పతకాలు, సెండాఫ్ దండలు వదిలేస్తాను. ఏ జిల్లాలో జరిగిందో, అప్పటి అధికారులెవరో కూడా చెప్పను. పేర్లు చెప్పినంత మాత్రాన ఎవరికీ ఒరిగేదేమీ లేదు. ఒక తుపాకీ గురించి, దాని వెనక పడుకున్న మనిషి గురించి చెబుతాను.

మెరుపు అనే జబ్బు

తుపాకులు భద్రపరిచే గదిని మేము బెల్ ఆఫ్ ఆర్మ్స్ అంటాం. లోపల నూనె వాసన, బయట సెంట్రీ. నా జీవితంలో సగం ఆ గదిలోనే గడిచింది. సముద్రపు గాలి, కొండల మీది మంచు, ఆగని వానలు, ఇవన్నీ ఇనుముని తినేవే. కానీ వాటికి మందుంది. శుభ్రంగా తుడిచి, పలచగా నూనె రాసి, ఆరిన చోట పెడితే చాలు.

మందు లేనిది మెరుపు. పెద్దలు ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నారంటే మావాళ్లకి పూనకం వచ్చేది. ఇటుక పొడి పెట్టి ఒకడు రుద్దుతాడు, గరుకు కాగితం పెట్టి ఇంకొకడు గీకుతాడు. పైన ఉన్న నల్లటి పూత తుప్పు పట్టకుండా కాపాడుతుందిరా అంటే వినేవాడు లేడు. ఒక అధికారి రైఫిల్ చెక్కలన్నిటికీ వార్నిష్ కొట్టించాడు. ఆ ఎండాకాలం ఫైరింగ్‌లో జవాన్ల చెంపలు చెక్కకి అంటుకుపోయాయి. ఆయనకి మాత్రం మెప్పు దక్కింది.

నేను దీని మీద చాలా పోట్లాడాను, నవ్వులపాలయ్యాను. మీరూ పోట్లాడతారు. మీరూ ఓడిపోతారు. తుపాకీ పేలుతుందా అని అడిగేవాళ్లు అరుదు, తుపాకీ ఎలా కనిపిస్తోందని అడిగేవాళ్లే ఎక్కువ. శాంతంగా ఉన్న రోజుల్లో రెండూ ఒకటే అనిపిస్తుంది. ఆ శాంతమే మనల్ని చెడగొడుతుంది.

రెండు యుద్ధాల మధ్య పుట్టింది

నాకు ఈ పని నేర్పింది సైన్యంలో చేసి వచ్చిన ఒక ముసలి ఉస్తాద్. ట్రైనింగ్ సెంటర్‌లో మిగతావాళ్లు భాగాల పేర్లు బట్టీ పట్టించేవాళ్లు. ఆయన మాత్రం తుపాకీని బల్ల మీద పెట్టి దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవాడు. ఎక్కడ పుట్టిందో తెలియకపోతే ఎక్కడ మొరాయిస్తుందో తెలియదనేవాడు. ఆయన చెప్పినవాటిలో నాకు బాగా గుర్తుండిపోయింది బ్రెన్ గన్ కథ. మేము ఎల్.ఎం.జి. అని పిలిచేది దాన్నే. తేలికపాటి మెషిన్ గన్.

మొదటి ప్రపంచ యుద్ధంలో మెషిన్ గన్ అంటే ఎక్కువగా మనుషులు జట్టుగా మోయాల్సిన బరువు. యుద్ధం అయ్యాక ప్రతి సైన్యానికీ ఒకటే కోరిక పుట్టింది. ఒక్క మనిషి ఎత్తుకుని పరుగెత్తగల మంచి మెషిన్ గన్ కావాలి. ఆ యుద్ధం తర్వాత కొత్తగా ఏర్పడిన చెకోస్లొవేకియాలో, బ్ర్నో అనే ఊళ్లో, పంతొమ్మిదివందల ఇరవైల్లో అలాంటిది తయారైంది. పైన మ్యాగజైన్, ముందు రెండు కాళ్లు, పిడి పట్టుకుని లాగితే ఊడివచ్చే బారెల్. ఒక బారెల్ వేడెక్కితే తీసేసి రెండోది పెట్టుకోవచ్చు. ఇంగ్లండు వాళ్లు తమ పాత గన్నుకి బదులు ఏది తీసుకోవాలా అని ఏళ్ల తరబడి పరీక్షలు పెడుతూ కూర్చున్న రోజులవి. ప్రేగ్‌లో ఉన్న వాళ్ల సైనిక ప్రతినిధి దీన్ని చూసి మనవాళ్లకి బాగుంటుందని కబురుపెట్టాడు. పరీక్షల్లో ఇది మిగతావాటిని దాటేసింది.

దాటేసినా వెంటనే తీసుకోలేదు. ఇంగ్లండు వాళ్ల తూటాకి వెనక అంచు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. ఆ తూటాని మార్చడానికి వాళ్లకి మనసొప్పలేదు. తూటాని ఉంచి తుపాకీని మార్చారు. అంచులు ఒకదాన్నొకటి తన్నుకోకుండా మ్యాగజైన్‌ని అరటిపండులా వంచారు. వాళ్ల తూటాలో మందుకి మసి ఎక్కువ కాబట్టి, బారెల్‌లోంచి గ్యాస్ వచ్చి గన్నుని నడిపే రంధ్రం వెనక్కి జరిపారు. మిల్లీమీటర్లలో గీసిన నక్షాలన్నీ అంగుళాల్లోకి మార్చారు. ఇన్నీ అయ్యి, ముప్పైలు సగం దాటాక ఎన్‌ఫీల్డ్ అనే ఊళ్లో తయారీ మొదలైంది. రెండు ఊళ్ల పేర్లలో మొదటి అక్షరాలు అతికించి బ్రెన్ అన్నారు. మన దేశంలో ఉన్న సైన్యం అప్పటికే దీనికి కవలలా ఉండే ఇంకో గన్నుని ఎంచుకుంది. ఇది తర్వాత వచ్చి మనకి మిగిలిపోయింది.

బ్రెన్ తయారీ మొదలైన కొద్దికాలానికే బ్ర్నో జర్మన్ల చేతికి చిక్కింది. అక్కడి తుపాకులు అవతలి పక్షానికి వెళ్లాయి. ఒకే నక్షా మీద పుట్టినవి రెండో యుద్ధంలో ఎదురెదురుగా నిలబడి కాల్చుకున్నాయి. రెండు యుద్ధాల మధ్య మనుషులకి దొరికిన ఖాళీలో బుద్ధిమంతులంతా కూర్చుని చేసింది ఇదేనా అని నాకు అప్పుడే దిగులేసింది. ఆ దిగులు నన్ను మళ్లీ వదలలేదు.

చివరికి ఆయన అసలు పాఠం చెప్పేవాడు. ప్రతి బ్రెన్‌కీ దాని సొంత బారెళ్లు రెండుంటాయి. తుపాకీ ఒంటి మీద కొట్టిన నంబరే వాటి మీదా కొట్టి ఉంటుంది. తూటా కూర్చునే చోటికీ, వెనక నుంచి మూసే బోల్టుకీ మధ్య ఉండాల్సిన సందు వెంట్రుకవాసి. ఆ సందు చూసుకుని ఆ బారెళ్లని ఆ ఒంటికే అమర్చుతారు. వేరే గన్ను బారెల్ పెడితే చూడ్డానికి చక్కగా సరిపోతుంది. పేలుతుంది కూడా. కానీ సందు పెరిగితే తూటాకుండే ఇత్తడి గుల్ల వెనక ఊతం లేక చిరుగుతుంది. వెనక ముక్క బయటికొస్తుంది, ముందు ముక్క లోపలే బిగుసుకుపోతుంది. వెనకే వచ్చే తూటాకి దారి ఉండదు. అప్పుడు గన్ను ఉత్త ఇనుప కడ్డీ. మరో మెషిన్‌లో దీన్ని చిన్న తప్పంటారు. ఇక్కడ చిన్న తప్పంటూ ఉండదు.

దసరా

ఆయుధపూజ గురించి మీకు చెప్పక్కర్లేదు. దసరాకి కొండ మీది ఔట్‌పోస్టుల నుంచి కూడా ఆయుధాలు కొన్ని దింపుతారు. ఏడాదికోసారి చేసే ఓవర్‌హాలూ అప్పుడే, పూజా అప్పుడే. జంబుఖానా పరిచి, రైఫిళ్లు నిలబెట్టి, ఎల్.ఎం.జి.లని ముందు వరసలో పెట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేస్తారు. బూడిద గుమ్మడికాయ కొడతారు. ఆ రోజు మా లైన్లలో ఆడవాళ్లు, పిల్లలు, ప్రసాదాలు, సన్నాయి. నాకూ ఇష్టమైన పండగే. ఇనుముకి దణ్ణం పెట్టడంలో తప్పేమీ లేదు, దాని మీద మనిషి ప్రాణం ఆధారపడి ఉంటుంది కదా.

నేను చెప్పే ఏడాది, నాటు తుపాకుల కేసులో సాక్ష్యం చెప్పడానికి కోర్టు నన్ను విశాఖపట్నం పిలిచింది. పండగ అక్కడే అయిపోయింది. ఇక్కడ మావాళ్లు ఎల్.ఎం.జి.లన్నిటి బారెళ్లూ ఊడదీసి, తోమి, అమ్మవారి పటం ముందు అందం చూసుకుని వరసగా పేర్చారు. మెరిసేవి ముందు, మాసినవి వెనక. నంబరు చూసి పేర్చాలని ఎవరికీ తోచలేదు. దేవత ముందు నంబర్లేమిటి? పూజ అయ్యాక మెరిసే బారెళ్లు పెరేడ్‌కి వెళ్లే గన్నుకి తగిలించారు. కొండ మీదికి పోవాల్సిన గన్నుకి వెనక వరసలోంచి ఒకటి తీసి పెట్టారు. అది ఎప్పుడో మూలపడ్డ వేరే గన్నుది. రెండో బారెల్ తర్వాత పంపిస్తామని చెప్పారు. బారెల్ మీద బొట్టు కూడా ఆరకముందే ఆ గన్ను జీపెక్కింది.

నేను తిరిగి వచ్చేసరికి గదిలో బంతిపూల రేకులు మాత్రమే ఉన్నాయి. బారెళ్లు మారిన సంగతి నాకెవరూ చెప్పలేదు. గన్ను వెళ్లిపోయింది.

గుట్ట మీద

ఆ గన్ను వెనక పడుకునేవాడు అప్పలనాయుడు. నక్కపల్లి దగ్గర చెరకు రైతుల ఇంటి పిల్లవాడు. నన్ను మామా అని పిలిచేవాడు, నేనతన్ని అల్లుడూ అనేవాణ్ణి, చుట్టరికం ఏమీ లేకపోయినా. అతనికి సాయంగా పక్కన పడుకుని మ్యాగజైన్లు, స్పేర్ బారెల్ అందించేవాణ్ణి నంబర్ టూ అంటారు. అతని నంబర్ టూ సూరిబాబే, మాడుగుల మనిషి. ఇద్దరికీ డ్యూటీలో దోస్తీ కుదిరి, అప్పలనాయుడు తన చెల్లెలు పైడమ్మని సూరిబాబుకిచ్చి పెళ్లి చేశాడు. ఒకే ఇంటి మనుషుల్ని ఒకే గన్ను మీద వేయకూడదని నేను అప్పట్లో అన్నాను. వాళ్లే అడిగి వేయించుకున్నారు.

పండగ వెళ్లిన కొన్నాళ్లకే, పొద్దున పూట, ఔట్‌పోస్టు మీద అడవిలోంచి కాల్పులు మొదలయ్యాయి. ఎవరు కాల్చారు, ఎందుకు కాల్చారు అన్నది నా కథ కాదు. అప్పలనాయుడు గన్ను నొక్కాడు. కొద్దిసేపు పేలింది, ఆగిపోయింది. మ్యాగజైన్ మార్చాడు. పేల్లేదు. లోపల గుల్ల చిరిగిందని అతనికి వెంటనే తెలిసింది, నేనే నేర్పాను. దానికి విరుగుడు బారెల్ మార్చడమే, ఊపిరి పీల్చి వదిలేంత పని. అతను చెయ్యి పక్కకి చాపాడు.

తర్వాత అతను నాకు చెప్పిన మాటలు ఇవి.

"సూరిగాడి సెయ్యి నా బుజం మీదే ఉంది మామా. బారెల్ ఇయ్యిరా అన్నాను. నేదు బావా, ఒకటే పంపేరు అన్నాడు. ఇద్దరికీ తెలుసు నేదని. అయినా అడిగేను. సెయ్యి అలవాటు మామా అది."

చిరిగిన గుల్లని పీకే పనిముట్టు అవతలి మోర్చాలో ఉన్న సంచిలో ఉంది. మోర్చా అంటే ఇసుక బస్తాల కాపలా గోడ. రెంటికీ మధ్య ఖాళీ జాగా. సూరిబాబు దాని కోసం పాకుతూ వెళ్లాడు, మధ్యలోనే పడిపోయాడు. అప్పలనాయుడు పలకని గన్ను పట్టుకుని అతన్ని చూస్తూ ఉండిపోయాడు. అవతలి మోర్చాలో ఉన్నవాళ్లకి కనపడింది అంతే. గన్ను ముందు పెట్టుకుని కాల్చకుండా కూర్చున్నవాడు, చచ్చిపోతున్న బావ.

అడిగినదానికే జవాబు

విచారణ జరిగింది. గన్నుని కిందికి దింపారు. దారిలో కుదుపులకో ఏమో లోపల ఇరుక్కున్న ముక్క ఊడిపోయింది. ఫైరింగ్ రేంజ్‌లో కొత్త తూటాలు ఒక్కొక్కటే వేసి కాల్చి చూశారు. పేలింది. తుపాకీలో లోపం లేదని రాసుకున్నారు. లోపం లేకపోతే తప్పు మనిషిదే కావాలి కదా.

నేను గేజ్ పెట్టి కొలిచాను. సందు ఎక్కువగా ఉంది. ఒంటి మీద ఒక నంబరు, బారెల్ మీద ఇంకో నంబరు. అంతా రాసి మా ఆర్.ఐ. గారికిచ్చాను. ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో ఇన్‌స్పెక్టర్ ఆయన, నా పైఅధికారి. ఆయన తెలివితక్కువవాడనీ దుర్మార్గుడనీ మీరు అనుకోకూడదు. జవాన్ల పిల్లలకి జ్వరమొస్తే తన జీపు పంపిన మనిషి. నేను రాసింది రెండుసార్లు చదివాడు, నన్ను కూర్చోమన్నాడు. ఆయనకి నాకంటే బాగానే అర్థమైంది.

"నువ్వు రాసింది తప్పని నేననను," అన్నాడు. "కానీ పూజలో కూర్చున్నది నేనొక్కణ్ణే కాదు, నా పైవాళ్లు కుటుంబాలతో వచ్చి కూర్చున్నారు. అమ్మవారి ముందు పెట్టిన బారెల్ వల్ల మనిషి పోయాడని ఏ నోటితో చెప్పమంటావ్? పోయినవాడు రాడు కదా."

పోయినవాడు రాడు. కానీ ఉన్నవాడి సంగతేమిటని అడిగాను. ఆయన కాగితం మడిచి సొరుగులో పెట్టుకున్నాడు. దాన్ని నేను మళ్లీ చూడలేదు.

విచారణ అధికారి ముందు నేనే నోటితో చెప్పబోయాను. అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పమన్నాడు. తుపాకీ పేలుతోందా, లేదా? పేలుతోంది, కానీ, అన్నాను. పేలుతోంది అన్నంత వరకు రాసుకున్నారు. ఆ ‘కానీ’ అన్న మాట తర్వాత నేను చాలా చెప్పాను. టైపు చేసే మనిషి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

అప్పలనాయుణ్ణి ఉద్యోగంలోంచి తీసేయలేదు. ఆయుధం ఇవ్వకూడదని మాత్రం ఆర్డరేశారు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా అతను మెస్సులో కూరగాయలు తేవడం, తోటకి నీళ్లు పెట్టడం, గేటు తీయడం. కొత్తగా చేరినవాళ్లు అతని వెనక నవ్వుకునేవాళ్లు. వాటికతను అలవాటుపడ్డాడు. ఒక్కదానికి మాత్రం అలవాటుపడలేదు. పైడమ్మ అతనితో మాట్లాడటం మానేసింది.

రెండు నంబర్లు

అప్పలనాయుడు కోరింది పరువూ కాదు, పదవీ కాదు. చెల్లెలు ఒక్కసారి అన్నా అని పిలవాలి, అంతే. దాని కోసమే నన్ను పంపాడు. సూరిబాబు పోయాక పైడమ్మ పుట్టినూరు వచ్చేసింది. అన్న ఇంటికి రెండు గుమ్మాల అవతలే వేరే ఉండేది. ఎదురుపడితే కొంగు మొహానికి అడ్డం పెట్టుకునేది.

నేను వెళ్లేసరికి చెరకు ఆకు కట్టలు కడుతోంది. అంతా చెప్పాను. బారెల్ అంటే ఏమిటో, ఎలా మారిందో, గుల్ల ఎలా చిరుగుతుందో. పని ఆపకుండా వింది.

"నువ్వు ఆడి స్నేయితుడివి బాబూ. అలాగే సెప్తావు," అంది. "ఆడు బయపడి కూకున్నాడని సూసినోల్లు సెప్తన్నారు. నువ్వు సూడనేదు కదా?"

నేను చూడలేదని ఒప్పుకున్నాను. కానీ బారెల్ చూశానన్నాను, దాని మీది నంబరు వేరు.

"నాకు అంకెలు వచ్చు. ఆ రెండు నంబర్లూ నా కళ్లకి సూపించు. అప్పుడు నమ్ముతాను."

ఇంతకంటే న్యాయమైన మాట ఆ కేసులో ఎవరూ అనలేదు. ఒంటి మీద ఒకటి, బారెల్ మీద ఒకటి. చదువుకున్నవాళ్లు చూడనన్నది ఆవిడ చూస్తానంది. కానీ బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లోకి బయటి మనిషి రాకూడదు, గన్ను బయటికి పోకూడదు. బదిలీ మీద వచ్చిన ప్రతి అధికారినీ అడిగాను. ఒకాయన నవ్వాడు. ఒకాయన విసుక్కున్నాడు. ఒకాయన తప్పకుండా చూద్దామని చెప్పి బదిలీ అయిపోయాడు. ఇంకొకాయన, ఆవిడకి మతి సరిగా ఉందా అని అడిగాడు. నేను బయటికొచ్చి చాలాసేపు గేటు దగ్గర నిలబడ్డాను. అప్పలనాయుడే ఆ గేటు తీశాడు.

నేను చేయగలిగింది ఒకటే. ఆ గన్నుని ఎవరూ ముట్టకుండా, ఆ తప్పు బారెల్ దానికే ఉండేట్టు మూల ర్యాకులో పెట్టాను. పేల్చడానికి వాడరాదని దాని మెడలో బిళ్ల కట్టాను. సాక్షిని దాచినట్టు దాచాను. కానీ దసరా వస్తే నా మాట చెల్లేది కాదు. పాతకాలపు గన్ను, రెండు కాళ్ల మీద చూడముచ్చటగా నిలబడుతుంది. తీసుకెళ్లి ముందు వరసలో పెట్టేవాళ్లు. పండగనాడు పైడమ్మని రప్పించి అక్కడే చూపిస్తానంటే, భర్త పోయిన మనిషి పూజకి వస్తే బాగుండదన్నారు. నేను పక్కనే నిలబడి, బారెల్ ఊడదీయనివ్వకుండా కాపలా కాసేవాణ్ణి. ఆ ఒక్కదాంట్లో గెలిచాననుకునేవాణ్ణి.

కోత

నేను రిటైరయ్యాను. అప్పలనాయుడూ రిటైరయ్యాడు. తర్వాత అతనికి ఊపిరితిత్తులు చెడ్డాయి. నేను వెళ్లినప్పుడల్లా ఒకటే అడిగేవాడు.

"గన్నుందా మామా?"

ఉందనేవాణ్ణి. అతనికి అది చాలు. గన్నున్నంతవరకు చెల్లెలు చూడొచ్చు కదా అని ఆశ. నేనా ఆశని కాదనలేకపోయాను, నాకూ అదే ఆశ ఉండేది కనక. మొన్నటి వానాకాలంలో పోయాడు. పైడమ్మ రెండు గుమ్మాల అవతల నిలబడి శవం వెళ్లడం చూసింది. దగ్గరికి రాలేదు.

దినాలు వెళ్లాక ఎవరితోనో కబురు పంపింది. నంబర్లు చూపిస్తానన్నావు కదా, ఇప్పుడు చూస్తానని. ఎందుకు పంపిందో నాకు తెలుసు. రెండు గుమ్మాల అవతలి గొంతు ఆగిపోయాక, తన మౌనం ఎవరి మీద చూపించాలో ఆవిడకి తెలియలేదు.

ఈసారి అక్కడున్నది వయసులో చిన్న మహిళా అధికారి. అడగ్గానే ఒప్పుకుంది. రండి, నేనే చూపిస్తానంది. పైడమ్మ నక్కపల్లిలో బస్సెక్కి అనకాపల్లి వచ్చింది. ఇద్దరం కలిసి వెళ్లాం. ఆవిడ ఒడిలో చేతి సంచి, అందులో కళ్లజోడు.

గేటు దగ్గర మమ్మల్ని చూడగానే లోపలి హెడ్ కానిస్టేబుల్ మొహం మారింది. పాతరకం తూటా వాడే తుపాకులన్నీ శాఖలోంచి తీసేయమని పైనుంచి ఉత్తర్వు వచ్చిందట. పరవాడలో పైపులు కోసే గ్యాస్ కటింగ్ కుర్రాళ్లని పిలిపించి, ముందు వారమే అన్నీ ముక్కలు చేయించారు. ఆ చిన్న అధికారికి ఏ గన్ను ఏదో తెలియదు. తెలిసినవాణ్ణి నేను, నేను బయట ఉన్నాను. ఆ అధికారి నిజంగానే బాధపడింది. అందులో ఆవిడ తప్పేమీ లేదు.

షెడ్డు వెనక ముక్కలు కుప్పగా పోసి ఉన్నాయి. నేను మోకాళ్ల మీద కూర్చుని వెతికాను. బ్రెన్ బారెల్ ముక్కలు దొరికాయి. నంబరు ఉండే చోటునే కోశారు, మళ్లీ ఎవరూ అతికించి వాడకుండా అలాగే కోయాలి. నేను అధికారిగా ఉన్నా అలాగే కోయించేవాణ్ణి. అంచుల్లో ఇనుము కరిగి గడ్డకట్టింది. అందులో ఏ అంకే లేదు. ఇన్నేళ్లూ కాపలా కాసింది దీనికా అనిపించి నాకు ఏడుపొచ్చింది. అందరి ముందూ ఏడ్చాను.

పైడమ్మ కళ్లజోడు పెట్టుకుని నా పక్కన కూర్చుంది. మూతి వైపు ముక్క ఒకటి చేతిలోకి తీసుకుంది.

"ఇదేనా?"

ఇదే అయ్యుంటుందన్నాను. మూల ర్యాకులో ఉన్నవి అన్నిటికంటే పైన పడేశారని హెడ్ చెప్పాడు.

"మా అన్న తప్పు నేదా బాబూ?"

"లేదమ్మా."

నంబర్లు అడగలేదు. నమ్మేసింది. రుజువు ఉన్నన్నాళ్లూ నమ్మని మనిషి, రుజువు పోయాక నమ్మింది. నాకది గెలుపుగా తోచలేదు. పిలవాల్సిన పేరుకి పలికే మనిషి లేడు కదా.

ఆవిడ ఆ ముక్కని తిప్పి చూసింది. చివర ఉన్న గాడిలో ఎర్రగా ఏదో ఇరుక్కుని ఉంది. తుప్పనుకున్నాను. ఆవిడ గోటితో గీరింది. కుంకుమ.

"ఆ తరవాత కూడా దీనికి పూజ సేసేరా?"

చేశామన్నాను. ఏటా చేశామన్నాను. ముందు వరసలోనే పెట్టామన్నాను. నేను పక్కనే నిలబడ్డానని కూడా చెప్పాను.

పైడమ్మ కొంగు చివర తడిపి ఆ గాడిలో కుంకుమంతా తుడిచింది. నిదానంగా, ఏమీ మిగలకుండా తుడిచి ముక్కని కుప్ప మీద పెట్టేసింది.

"మా ఆయన పోయిన్నాడు నా బొట్టు సెరిపేసేరు. దీనికి మాత్రం ఏటేటా ఎట్టేరు బాబూ మీరు."

కళ్లజోడు తీసి సంచిలో పెట్టుకుని లేచింది. నక్కపల్లి బస్సు ఎక్కడ ఆగుతుందని హెడ్ కానిస్టేబుల్‌ని అడిగింది, నన్ను అడగలేదు.